డెబ్బై శాతం

ఆరో ఫలితం వచ్చిన రోజు పొద్దున మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు.

నేను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతున్నాను. ఆయన వెనక గదిలో చొక్కా తొడుక్కుంటున్నారు. "రత్నం, దీనికి మూడో గుండీ ఊడిపోయింది చూడు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

అప్పటికి పద్నాలుగు నెలలుగా ఆయనకు నేను భార్యను కాను. చిన్నప్పుడు ఒకటో తరగతి చెప్పిన పంతులమ్మను. నేను గదిలోకి వెళితే లేచి నిలబడి చేతులు కట్టుకునేవారు. అన్నం పెడితే "మీరు తిన్నారా పంతులమ్మ గారూ" అని అడిగి, నేను తిన్నానని చెబితేనే కలుపుకునేవారు. ఎన్నడూ ఒక్క దురుసు మాట అనలేదు. ఆ మర్యాదే నాకు భరించడం కష్టమయ్యేది.

గుండీ కుట్టి ఇచ్చి బడికి వెళ్లాను. రెండో పీరియడ్ అయ్యాక ఫోన్ చూసుకుంటే విశాఖపట్నం నుంచి పరిశోధన సంస్థ వారి సందేశం ఉంది. మైలపల్లి సింహాద్రి, వయసు అరవై నాలుగు, ఆరో స్కానింగ్. తలలో మెదడు వాటా డెబ్బై శాతం. మార్పు లేదు. కింద ఇంకో వాక్యం. ఎవరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు కనబడనందున ఈ మందు పరీక్షను నెలాఖరుకు ముగిస్తున్నాము, సహకరించినందుకు కృతజ్ఞతలు.

నేను ఆ సందేశాన్ని రెండుసార్లు చదివి తొమ్మిదో తరగతిలోకి వెళ్లి పాఠం చెప్పాను. ఏ పాఠమో ఇప్పుడు గుర్తు లేదు.

మా ఆయన ఓడరేవులో ఆటుపోట్ల లెక్క రాసేవారు. నీళ్లలో పాతిన కొలబద్ద దగ్గర సముద్రం ఎంత ఎత్తున ఉందో గంటగంటకూ చూసి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. ఇరవై ఏడేళ్లు అదే చేశారు. కొలిచే యంత్రాలు వచ్చాక కూడా, యంత్రం సరిగ్గా చెబుతోందో లేదో చూడడానికి ఆయన్ను ఉంచారు. ఉద్యోగం నుంచి దిగిన మరుసటి ఏడాది భీమిలిలో మా ఇంటి దారి మరిచిపోయారు.

పరీక్షలో నూట అరవై మందిని చేర్చుకున్నారు. సగం మందికి నెలకోసారి వెన్నులో మందు సూది, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ల సూది. ఎవరికి ఏదన్నది సీలు వేసిన కవరులో ఉంటుంది. నాలుగు నెలలకోసారి పెద్ద యంత్రంలో పడుకోబెట్టి తల బొమ్మ తీస్తారు. ఇంటివాళ్లు ప్రతిసారీ ఒక కాగితం నింపాలి. గుర్తుపట్టడానికి పదికి ఎన్ని, మాటకు పదికి ఎన్ని అని.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దినదాన్ని. సానుభూతి మార్కులు వెయ్యను. నాలుగో స్కానింగ్ నాటికే ఆయన దండెం మీద బట్టలు తనంతట తానే తీసి మడతలు పెట్టడం చూశాను. రేడియోలో వాన కబురు విని గొడుగు బయటపెట్టడం చూశాను. కాగితం నింపేటప్పుడు మాత్రం, నీ ఆశ నీచేత ఎక్కువ వేయిస్తోంది అని నాకు నేనే చెప్పుకుని రెండు మార్కులు తగ్గించాను. అయిదోసారీ తగ్గించాను. నా కాగితాల్లోనూ మార్పు లేదు.

మర్నాడు సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్లాను. అంకెలు చూసే డాక్టర్ తబస్సుమ్ గారిని కలవాలని ముందే చెప్పాను. ఆవిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. పరీక్ష ముగిసిపోతున్నందుకు నాకంటే ఆవిడే ఎక్కువ డీలా పడి ఉంది. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన సంగతి చెబితే, ఒక్కోసారి అలా మంచి రోజులు వస్తాయండీ, అని మెల్లగా అంది. ఆ మాట ఎందరు ఇంటివాళ్లకు చెప్పిందో ఆ గొంతులోనే తెలిసింది.

శాతం ఎలా కట్టారని అడిగాను. ఓపికగా చెప్పింది. పెద్ద తలలో పెద్ద మెదడు ఉంటుంది, చిన్న తలలో చిన్నది. కాబట్టి మెదడును ఒక్కదాన్నే కొలిచి ఒకరితో ఒకరిని పోల్చడం అన్యాయం. మెదడును తల లోపలి చోటుతో భాగిస్తారు. అప్పుడు అందరూ ఒకే కొలతలోకి వస్తారు.

అది నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి. పెద్దవాళ్ల తల పెరగదు కదా, ఒకసారి కొలిస్తే చాలదా, ప్రతిసారీ ఎందుకు కొత్తగా కొలిచి భాగిస్తున్నారని అడిగాను.

యంత్రం వల్ల, అంది. అందులోని అయస్కాంతం వేడికి కాస్త సాగుతుంది, పాతబడేకొద్దీ తేడా వస్తుంది. కొన్ని నెలలు బొమ్మ వెంట్రుకవాసి పెద్దదిగా పడుతుంది, కొన్ని నెలలు చిన్నదిగా. తల మారదు కాబట్టి తలలో కనిపించే మార్పంతా యంత్రం దోషమే. అదే బొమ్మలోని తలతో అదే బొమ్మలోని మెదడును భాగిస్తే ఆ దోషం కొట్టుకుపోతుంది. ఇది మేము తీసుకునే జాగ్రత్త టీచర్ గారూ, అంది. అందులో కాస్త గర్వం కూడా ఉంది. ఉండదగిన గర్వమే.

"జవాబు ఒక్కటే రాసిన పేపరు నేను దిద్దను డాక్టర్ గారూ. భాగించక ముందు అంకెలు ఉంటాయి కదా, అవి చూపించండి" అన్నాను.

ఆవిడ కంప్యూటర్ తిప్పి చూపించింది. మొదటిసారి తల పద్నాలుగు వందల ఇరవై మిల్లీలీటర్లు, మెదడు తొమ్మిది వందల తొంభై నాలుగు. రెండోసారి దాదాపు అంతే. మూడోసారి నుంచి రెండూ పెరుగుతూ వచ్చాయి. ఆరోసారి తల పద్నాలుగు వందల అరవై మూడు, మెదడు వెయ్యీ ఇరవై నాలుగు. ఎప్పుడు భాగించినా డెబ్బై శాతం.

లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే భిన్నం మారదు. అది నేను ఏటా ఆరో తరగతికి చెప్పే పాఠం.

పెరుగుతూనే ఉందేం, అని అడిగాను. యంత్రం పాతబడడం కూడా ఒకవైపే పోతుంది కదండీ, అంది. కాదనలేకపోయాను. మా బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాను. ఒక అర్ధ సంవత్సరం పరీక్షలో ఏబీ రేఖ పొడవు కొలవమని అడిగాను. జవాబు ఆరు సెంటీమీటర్లు. నలభై మంది ఆరు పాయింట్ ఒకటి అని రాశారు. నలభై మందికీ సున్నా వేశాను. మర్నాడు ఒక పిల్ల లేచి, టీచర్, కాగితంలో అంతే ఉంది, మీరే కొలిచి చూడండి, అంది. జిరాక్స్ కొట్టువాడు కొంచెం పెద్దది చేసి తీశాడు. అప్పుడు చూస్తే అంచు పెద్దదే, అక్షరాలు పెద్దవే, బడి పేరు కూడా పెద్దదే.

"యంత్రం పెద్దది చేస్తే కాగితం మీదున్న అన్నిటినీ పెద్దది చేస్తుంది" అన్నాను. "ఈ బొమ్మలో తలా మెదడూ కాక ఇంకేమున్నాయి?"

ఆవిడ నా వైపు చూడడం మానేసి తెర వైపు చూసింది.

"కళ్లు" అంది.

కనుగుడ్లు పెద్దవాళ్లలో మారవు. మెదడు లెక్కల్లో వాటికి పనిలేదు కాబట్టి ఎవరూ కొలవరు. ఆవిడ మొదటి బొమ్మ తెరిచి కనుగుడ్డు అంచు చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. కుడిది ఆరున్నర మిల్లీలీటర్లు, ఎడమది ఆరు పాయింట్ నాలుగు. ఆరో బొమ్మ తెరిచింది. యంత్రం దోషమే అయితే రెండూ ఆ మేరకు పెరిగి ఉండాలి. కుడిది ఆరున్నర. ఎడమది ఆరు పాయింట్ నాలుగు. మళ్లీ కొలిచింది. మూడోసారి మౌస్ నాకిచ్చి నన్ను కొలవమంది. నాకు చేతకాదని అన్నాను. మీకు నమ్మకం లేదు కాబట్టే మీరు కొలవండి, అంది. కొలిచాను. అంతే వచ్చింది.

బయట ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు. ఆవిడ తనలో తాను చెప్పుకున్నట్టు, "ఈయన తల పెరిగింది" అంది.

అరవై నాలుగేళ్ల ఎముక లోపలి నుంచి తొలగి మెదడుకు చోటిచ్చింది. టేపు పెట్టి కొలిస్తే బయట ఒక్క నూలుపోగంత తేడా లేదు. చెట్టు వేరుకు నేల దారిచ్చినట్టు లోపల్లోపలే ఇచ్చింది. మెదడు ఎంత అడిగితే అంత. అందుకే డెబ్బై ఎన్నడూ డెబ్బై ఒకటి కాలేదు. ఇంత పెద్ద సంగతి ఏడాది పాటు వాళ్ల కంప్యూటర్లో ఉంది. వాళ్ల జాగ్రత్త దాన్ని భాగించేసింది. నా జాగ్రత్త రెండేసి మార్కులు కోసేసింది.

పరీక్ష ముగించడం ఆపారు. వారం తిరక్కుండా సీలు కవరు తెరిచారు. మందు అందినవారు ఎనభై మంది. అందులో నలభై ఒక్కరికి తల పెరిగింది. ఉప్పునీళ్లవాళ్లలో ఒక్కరికి కూడా లేదు.

ఇంట్లో మాకు కవరుతో పని లేకపోయింది. మా ఆడపడుచు ఎల్లాయమ్మ పక్క వీధిలో ఉంటుంది. ఎండుచేపల వ్యాపారం. అన్నను చూడ్డానికి రోజూ వస్తుంది. ఆయన గుర్తుపట్టని రోజుల్లో కూడా వచ్చి ఎదురుగా కూర్చుని తన మానాన తాను ఊళ్లో కబుర్లు చెప్పి పోయేది. ఒకరోజు అది గుమ్మంలోకి రాగానే ఆయన, "ఎల్లాయీ, నా గొడుగు పట్టుకుపోయి మళ్లీ తేలేదేం" అన్నారు. అది తీసుకెళ్లి ఇరవై రెండేళ్లయింది. ఎల్లాయమ్మ అక్కడే గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తేరుకున్నాక నాతో, "మా అన్నకి మతొచ్చిందని మురవాలో, గొడుగు గుర్తొచ్చిందని ఏడవాలో తెలట్లేదొదినా" అంది.

ఇది మామూలుకు రావడం అనుకున్నాం. ఆయన మామూలు దగ్గర ఆగలేదు.

నా దగ్గరున్న తెల్ల నోటుబుక్కులు అడిగి తీసుకున్నారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి, గంటగంటకూ, నీటి ఎత్తు రాయడం మొదలుపెట్టారు. ఆగేవారు కాదు, ఆలోచించేవారు కాదు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఎత్తి రాస్తున్నట్టు రాసేవారు. పదిహేను పుస్తకాలు నిండాక నేను ఓడరేవు పాత పుస్తకాలు చూడడానికి అనుమతి తీసుకున్నాను. అక్కడొకటి ఇక్కడొకటిగా రెండు వందల చోట్ల సరిచూశాను. మూడు చోట్ల తేడా వచ్చింది. ఇంటికొచ్చి ఆ మూడూ చెప్పాను. ఆయన నవ్వి, "ఆ రోజు జ్వరంతో ఉన్నాను, తప్పెక్కించాను. ముందు గంటా వెనక గంటా చూడు, మధ్యలో సముద్రం ఆ ఎత్తులో ఉండడానికి వీల్లేదు. ఇప్పుడు దిద్దాను" అన్నారు.

ఏం కనిపిస్తోంది మీకు, అని అడిగాను.

"గంటకో అంకె రాస్తున్నాననుకునేవాణ్ని రత్నం. అవి అంకెలు కావు. ఇరవై ఏడేళ్లూ ఒక్కటే కదలిక. ఈ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నీకు ఒకేసారి కనపడటం లేదూ, అలా కనపడుతోంది."

ఆ ఏడాది ఉగాది ముందు రోజుల్లో ఆయన ఒక మాట చెప్పారు. ఉగాది మర్నాడు మధ్యాహ్నం రెండూ నలభైకి సముద్రం వెనక్కి పోతుంది. బతికున్నవాళ్లెవరూ చూడనంత దూరం పోతుంది. పాత రాతి గట్టు బయటపడుతుంది. మా పేటలో ఆ గట్టు సంగతి తాతలు చెప్పగా విన్నవాళ్లే తప్ప చూసినవాళ్లు లేరు. ఎల్లాయమ్మ పేటంతా చాటింది. కొందరు నవ్వడానికే వచ్చారు.

రెండింటికి నీళ్లు మామూలుగానే ఉన్నాయి. తర్వాత తగ్గడం మొదలైంది. చప్పుడు లేదు. అలలు వస్తూనే ఉన్నాయి, కానీ ప్రతి అలా ముందటిదాని కంటే ఒక అడుగు తక్కువ దూరం వచ్చి మళ్లుతోంది. తడి ఇసుక మెరుస్తూ పొడుగవుతోంది. ఎవరూ తొక్కని నేల అది. పీతలు బిత్తరపోయి పరిగెడుతున్నాయి. ముందు ఒక నల్ల రాయి తల పైకి లేచింది. దాని వెనక ఇంకోటి. ఒకటొకటిగా, వరసగా, నాచు వేలాడుతూ, సముద్రంలోకి పోయే దారిలా గట్టు మొత్తం బయటికొచ్చింది. నవ్వడానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పేశారు. ఒక ముసలాయన వెళ్లి మొదటి రాయి మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. వాచీ చూశాను. రెండూ నలభై ఒకటి.

మా ఆయన రాళ్లను చూడలేదు. అవి ఆయనకు ముందే తెలుసు. నీళ్లు ఆగిపోయి, ఇటూ అటూ కాకుండా నిలిచిన ఆ కాసేపూ వాటినే చూస్తూ నిలబడ్డారు. నేను మాత్రం ఆయన్ను చూశాను. ముప్పై అయిదేళ్లుగా నాకు తెలిసిన తల అది. నూనె రాసిన తల, జ్వరానికి తడిగుడ్డ వేసిన తల. ఆ తల లోపల ఇప్పుడు ఎంత చోటుందో నాకు ఊహకు అందలేదు. గుడి ముందు నిలబడ్డప్పుడు కూడా నాకు అలా ఎప్పుడూ కాలేదు.

పది రోజులకు తబస్సుమ్ గారు మా ఇంటికి వచ్చింది. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చింది. ఏడో బొమ్మలో ఎముకను కొలిచారు. తల బయటికి పెరగకుండా మెదడుకు చోటు దొరకాలంటే ఎముకే తరగాలి. నడినెత్తిన మందం ఉంటుంది, ఫరవాలేదు. కణతల దగ్గర మామూలుగానే రెండు మిల్లీమీటర్లు. మా ఆయనకు ఇప్పుడు ఒకటి. మందు కొనసాగితే ఆర్నెల్లలో కోడిగుడ్డు పెంకంత మిగులుతుంది. చిన్న దెబ్బ చాలు.

మందు ఆపితే?

ఇద్దరికి వేరే జబ్బుల వల్ల ముందే ఆగిపోయిందట. తొమ్మిది వారాల్లో మెదడు వెనక్కి వెళ్లిపోయింది. ఎముక మెల్లగా మళ్లీ పోసుకుంది. ప్రాణానికి భయం లేదు. ఇద్దరూ ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

కొత్తవారికి మందు ఇవ్వడం ఆపేశారు. ఇప్పటికే పుచ్చుకుంటున్నవారు కొనసాగిస్తారో ఆపుతారో పది రోజుల్లో రాసి ఇవ్వాలి. ఆరు నెలలకోసారి మళ్లీ రాసి ఇవ్వాలి. సంతకం నాది. చేరేటప్పుడు ఆయనకు విషయం గ్రహించే శక్తి లేదని డాక్టర్లు రాసిన కాగితం ఇంకా అలాగే ఉంది. దాన్ని మార్చాలంటే జిల్లా వైద్య బోర్డు ముందు హాజరు కావాలి, మూడు నెలలు పడుతుంది. సముద్రం రెండూ నలభైకి ఎక్కడుంటుందో చెప్పగలిగిన మనిషి తన తల గురించి సంతకం పెట్టడానికి వీల్లేదు.

తబస్సుమ్ గారు వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. ఆ రోజు కళ్లు కొలవకపోయి ఉంటే పరీక్ష ఆగిపోయేది, ఎముక దాకా వచ్చేది కాదు, అంది. తనను అంటోందో నన్ను అంటోందో నేను అడగలేదు. నాకూ ఆ లెక్క అప్పటికే వచ్చింది.

ఎల్లాయమ్మ అయిదు రోజులు నాతో మాట్లాడలేదు. ఆరో రోజు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఆపించీ వదినా. మతి లేకపోతే ఏటి, మా అన్న మా అన్నే కదా. నాను రోజూ వచ్చి మాటాడతాను. పలక్కపోయినా పర్వానేదు. కూకుంటాడు కదా ఎదర."

దాని మాటలో తప్పేమీ లేదు. నేనూ అదే కోరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆపమని రాసే కాగితం నింపి సంచిలో పెట్టుకున్నాను. తారీకు ఒక్కటే వెయ్యలేదు.

చివరి రోజు ఆదివారం. ఆయన అరుగు మీద ఎండలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. సంచి తెచ్చి పక్కన పెట్టి కూర్చున్నాను. ఏం రాశానో చెప్పాను. ఆయనకు ముందే తెలిసినట్టుంది.

"కోపమా?" అన్నాను.

"కోపమేంటి. నేను నీ చోట ఉంటే నేనూ అదే రాద్దును."

"మరి మీ చోటునుంచి చెప్పండి. మీకు భయం లేదా?"

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టారు.

"మతి లేనప్పుడు నాకు భయం లేదు రత్నం. నువ్వు పక్కనే ఏడుస్తుంటే కూడా లేదు. ఎవరో పంతులమ్మ గారు ఏడుస్తున్నారు, పాపం అనుకునేవాణ్ని. భయపడాలన్నా కాసింత మతుండాలి. ఇప్పుడు భయంగా ఉంది. పొద్దున్న లేస్తే భయం. నువ్వు బడికి పోతే, వచ్చేసరికి ఉంటానో లేదోనని భయం." ఆగి, "ఆ భయం నాకు కావాలి. మళ్లీ పారేసుకోలేను" అన్నారు.

"నాకెలా ఉంటుంది?"

"నీకు బరువే. కాదనను. ఇది నీకు నేను చేస్తున్న అన్యాయమే. కొనసాగించమని సంతకం పెట్టకపోయినా నిన్ను ఏమీ అనను. అనడానికి నేనుండను కదా."

నవ్వారు. నేను ఆ కాగితం తీసి చింపాను. రెండోది తీసి, ఒడిలో పలక పెట్టుకుని, కొనసాగించడానికి అంగీకరిస్తున్నాను అని రాసి, మైలపల్లి నూకరత్నం, భార్య, అని సంతకం పెట్టాను. ఆయన ఒలిచిన పలుకులు దోసిట్లో పోసి నాకు ఇచ్చారు.

ఆ తర్వాత ఆయన నూట నలభై మూడు రోజులు ఉన్నారు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. కొన్ని మాకే సొంతం. ముప్పై అయిదేళ్లలో మేము మాట్లాడుకోనివి మాట్లాడుకున్నాం. ఎల్లాయమ్మ ఇంట్లో ప్రతి తలుపు అంచుకూ పాత చీరలు మడిచి కుట్టింది. తిడుతూనే కుట్టింది. నూట నలభై మూడో రోజు పొద్దున, కింద పడ్డ దువ్వెన కోసం ఆయన వంగి లేచారు. తెరిచి ఉన్న అల్మారా తలుపు అంచు కణతకు తగిలింది. దానికి కుట్టడం మాకు తోచలేదు. పెద్ద దెబ్బ కాదు. అబ్బా అని కూడా అనలేదని అక్కడున్న ఎల్లాయమ్మ చెప్పింది. నేను బడిలో ఉన్నాను.

తబస్సుమ్ గారు వచ్చి మూడు రోజులు ఉంది. చివరి బొమ్మలో మెదడు వెయ్యీ డెబ్బై రెండు, తల పదిహేను వందల ముప్పై రెండు అని చెప్పింది. భాగించి చెప్పలేదు.

నెల తర్వాత, ఒక శనివారం సాయంత్రం, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఆవిడ. నరసన్నపేట నుంచి. పేరు దాలమ్మ అంది. వాళ్లాయన కూడా ఆ నలభై ఒక్కరిలో ఒకడు. బస్సు డ్రైవరుగా చేసేవాడట. మా ఆయన సంగతి సంస్థలో విన్నదట. సోమవారానికి రెండో సంతకం పెట్టాలట.

"నాకు చదువు లేదు టీచరమ్మా. మా పిల్లలు ఒకడు పెట్టమంటాడు, ఒకత్తి వద్దంటాది. మీరు పెట్టేరు. పెట్టి మంచి పని చేసేరా, చెడ్డ పని చేసేరా? నన్నేటి సెయ్యమంటారు?"

జీవితమంతా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే నా పని. దీని జవాబు కోసం రాత్రుళ్లు వెతికాను, లేదు. అలాగని ఆవిణ్ని ఉత్త చేతులతో పంపలేను.

"ఆయన ఇప్పుడు ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాను.

పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడంది.

"అయితే ఆయన్నే అడగండి" అన్నాను. "ఇప్పుడు అడగొచ్చు కదా."

ఆవిడకు ఆ సంగతి తోచినట్టు లేదు. ఇన్నేళ్లుగా ఆయన్ను ఎవరూ ఏదీ అడిగి ఉండరు. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. పెరటి తలుపు తీసి ఆవిడ పిలవడం వినిపించింది.

ఎవరో పలికారు.